రైలు పట్టాల మీద ఆముదాలు పోసిన సుంకవ్వ

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెప్తా. లేకుంటే దుప్పటి కప్పుకోని పండుకుంటా, నాకేం పోయె. ఊఁ అంటారా? అనాల మరి, మధ్యలో నిద్రపోతే కథ అలిగి వెళ్ళిపోతుంది.

రైలు కూత ఈ నేలకు ఇంకా కొత్తగా ఉన్న కాలంలో, మన తాతల తాతలు గోచీలు పెట్టుకోని తిరిగే కాలంలో, నల్లరేగడి మైదానం నడుమ ఒక మిట్ట ఉండేది. పెద్ద కొండేం కాదు, బండెద్దులు కాస్త రొప్పేంత ఎత్తు. ఆ మిట్ట పక్కన ఒక పల్లె. దాని పేరు రేగడిమిట్ట. ఇప్పుడు మీరు చూసే జిన్నింగు మిల్లులు లేవు, గోడౌన్లు లేవు, హోటళ్ళు లేవు. మట్టి మిద్దెలు కొన్ని, గొడ్లు కొన్ని, ఎటు చూసినా చేలే.

ఆ చేలల్లో పత్తి పండేది, జొన్న పండేది, ఆముదం పండేది. పండించేదానికి వాళ్ళకు చేతగాక కాదు. పండింది అమ్ముకునేదానికి దోవ లేక చచ్చిపోయేవాళ్ళు. రేగడి సంగతి మీకు తెలుసు గదా. నాలుగు చినుకులు పడితే చాలు, బండి చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. పత్తి మూటలు బండి మీదనే తడిసి, బండి మీదనే కుళ్ళేవి.

అట్లాంటప్పుడు మిట్ట మీదుగా ఇనప పట్టాలు పరిచారు. ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. ఇంక మన కష్టాలు తీరినట్లే అనుకున్నారు. రైలొచ్చింది. మిట్ట కాడ నెమ్మదించింది, ముక్కుతూ మూలుగుతూ ఎక్కింది. కూతేసింది, పొగొదిలింది, పోయింది.

మొదటి ఏడు జనం పట్టాల పక్కన నిలబడి చేతులూపినారు, ఆపమని. రైల్లో వాళ్ళు ఎంత మంచోళ్ళో, వాళ్ళూ చేతులూపినారు. కూతేసింది, పొగొదిలింది, పోయింది.

రెండో ఏడు ట్రాలీ మీద వచ్చిన రైలు దొర కాళ్ళు పట్టుకున్నారు. ఆయన చుట్టూ చూసి, "ఇక్కడ ఎక్కేదెవరు, దిగేదెవరు? మనుషుల కంటే కాకులే ఎక్కువున్నాయి," అన్నాడు. రైలు కూతేసింది, పొగొదిలింది, పోయింది.

మూడో ఏడు అడగనే లేదు. పత్తి అంతా దోవలో కుళ్ళిపోయింది, అడిగేదానికి నోరు రాలేదు. ఊరి పెద్ద బసప్ప అందర్నీ కూచోబెట్టి ఒక మాట చెప్పినాడు. "ఇంక ఈ నేలను నమ్ముకుంటే పిల్లలు మిగలరు. ఈసారి ఆముదాలు ఎత్తినాక ఊరు ఖాళీ చేద్దాం. చేలో పత్తి ఉంటే ఉండనీ, గాలికి పోనీ." ఎవరూ కాదనలేదు. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చినారు.

ఆ ఊర్లో సుంకవ్వ అని ఒక ముసలామె ఉండేది. మన కథ ఆమెదే. మొగుడు పోయినాడు. ముగ్గురు బిడ్డలు పుట్టినారు, ముగ్గురూ కరువులోనే పోయినారు. చేను లేదు, గొడ్డు లేదు. ఉండేదంతా ఒక రోలు, ఒక రోకలి, ఒక కుండ. ఊర్లో వాళ్ళ ఆముదాలు దంచి, ఉడకబెట్టి, నూనె తీసి ఇచ్చేది. దీపానికి ఆమె ఆముదమే, పురిటిబిడ్డ మాడుకు ఆమె ఆముదమే, బండి ఇరుసుకూ ఆమె ఆముదమే. వాళ్ళిచ్చే కొర్రలతో కడుపు నింపుకునేది. నోరు మాత్రం పెద్దది. ఎవరినైనా కడిగిపారేసేది, తర్వాత వాళ్ళకే చట్టి నిండా గంజి పోసేది.

ఊరు పోతా ఉందంటే ఆమె దగ్గరికే అందరూ పరిగెత్తాల్సి వచ్చింది. ఎందుకంటారా? అంత దూరం బండ్లు కట్టుకోని పోవాలంటే ఇరుసులకు నూనె కావాల గదా. ప్రతి ఇంటి ఆముదాలూ ఒక్కసారే ఆమె గుడిసె ముందర కుప్ప పడినాయి.

"అవ్వా, తొందరగా దంచియ్యి. నువ్వు గూడ మా బండ్లోనే వద్దువు," అన్నాడు బసప్ప.

"నేను రాను నాయనా. నా బిడ్డలు ముగ్గురూ ఈ మట్టిలోనే ఉండారు. వాళ్ళనిడిసి యాడికి పోదును?"

"ఒక్కదానివే ఎట్లుంటావు?"

"ఉంటా. మీరు పొండి. మిమ్మల్ని పొమ్మనేదానికి నూనె దంచేది గూడ నేనే. నా నొసట ఏం రాసినాడో సూడు ఆ దేవుడు," అని ముక్కు చీది రోకలి ఎత్తింది.

మనసులో ఆమెకు ఎంత దిగులో మీకు చెప్పేదానికి నాకు మాటలు చాలవు. ఊరు పోతే ఆమెకు పలకరించే దిక్కుండదు. పొద్దున లేస్తే తిట్టేదానికైనా ఒక మనిషి ఉండాల గదా. అయినా దంచింది. భుజం పట్టేసింది, అయినా దంచింది. రోకలి ఎత్తలేక కూచున్నప్పుడు మిట్ట మీద రైలు పోతా ఉంది. నేల అదిరింది, రోలు అదిరింది. అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఎప్పుడూ కల్లంలో గొడ్ల కాళ్ళ కిందనో, రాతి గుండు కిందనో పంట వేసి తొక్కించే మన మనుషులకు తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన. అంత బరువు ఊరికే పోతా ఉంది గదా, దాని కింద మన ఆముదాలు పోస్తే పోలా?

మొదటి రోజు గుప్పెడు ఆముదాలు పట్టా మీద పోసింది, పక్కన తడి గోనె పరిచింది. రైలొచ్చింది, పోయింది. గోనె మీద ముద్ద పడింది. సుంకవ్వ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, తనలో తానే నవ్వుకుంది.

రెండో రోజు చేటెడు పోసింది. రైలొచ్చింది, పోయింది. గోనె నిండా ముద్ద. పక్కింటామె చూసింది. ఇంకేముంది, పొద్దు గూకేలోపల ఊరంతా తెలిసిపోయింది.

మూడో రోజు ఊరు ఊరే కదిలింది. బుట్టలతో, చేటలతో, గంపలతో వచ్చినారు. మిట్ట ఎక్కే దోవ పొడుగునా పట్టాల మీద ఆముదాలు పోసినారు. బసప్ప అయితే ఏకంగా బండితో తోలుకొచ్చి గుమ్మరించినాడు. తిరునాళ్ళ మాదిరి ఉంది. ఆ ఊరు నవ్వి ఎన్నాళ్ళయిందో, ఆ రోజు నవ్వినారు.

రైలొచ్చింది. మిట్ట మొదట్లో ఆముదాలను తొక్కింది. చక్రాలకు నూనె పట్టింది. చక్రాలు తిరుగుతా ఉన్నాయి, బండి కదలదు. ఇంకా గట్టిగా తిరిగినాయి, బండి వెనక్కి జారింది. కూతేసింది, పొగొదిలింది, ఆగింది.

నవ్వులన్నీ గాలికి పోయినాయి. అందరి ముఖాలూ తెల్లబోయినాయి. ఆపమని రెండేళ్ళు మొక్కినోళ్ళు, ఆగినాక పారిపోయేదానికి చూస్తా ఉన్నారు.

ఇంజను నుంచి డ్రైవరు ఇమాంసాబు దిగినాడు. పట్టా మీద వేలు పెట్టి, వాసన చూసి, నెత్తి పట్టుకున్నాడు. "అల్లా, నలభై ఊర్లు దాటొచ్చినా, బండికి తలంటుపోసేటోళ్ళను యాడా సూడలేదు," అన్నాడు. ఇసక పోసినారు, బూడిద పోసినారు, గోనెలతో తుడిచినారు. తుడిచే కొద్దీ జారుతుంది. ఎండ మండిపోతా ఉంది. పెట్టెల్లో పిల్లలు ఆకలికి ఏడుస్తా ఉన్నారు.

సుంకవ్వ ఆ ఏడుపు విన్నది. గుడిసెకు పోయి, కొర్రన్నం కుండ నెత్తిన పెట్టుకోని వచ్చింది. ఊరోళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కోని చూస్తా ఉన్నారు.

"ఏం, ఆముదం పోసేటప్పుడు లేని భయం ఇప్పుడు యాడ నుంచి వచ్చె? మన ఇంటి ముందర ఆగిన మనుషులు. కడుపు కాలి ఏడుస్తాండారు. పోండి, ఉండేది తెండి," అని ఒక్క కేక వేసింది.

జొన్నరొట్టెలు వచ్చినాయి, మజ్జిగ వచ్చింది, గోంగూర పచ్చడి వచ్చింది. రైలంతా తినింది. ఇమాంసాబు సుంకవ్వ చేతి కొర్రన్నం మూడుసార్లు పెట్టించుకున్నాడు. గార్డు గూడ తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కోని, మీసం తుడుచుకోని, అప్పుడు ఉరిమినాడు. పాపం ఆయన ఉద్యోగం అట్లాంటిది.

"ఎవరు చేసిన పని ఇది? చెప్పకుంటే ఊరంతా జైలుకే."

ఊరోళ్ళు ఒక అడుగు వెనక్కి వేసినారు. రెండోసారి అడిగినాడు. ఇంకో అడుగు వేసినారు. మూడోసారి అడిగేసరికి బసప్ప గొంతు సవరించుకున్నాడు, ఒప్పుకుందామని. సుంకవ్వ ఆయన కాలు గట్టిగా తొక్కి ముందుకొచ్చింది.

"నేనే నాయనా."

"ముసలిదానివి, ఒక్కదానివే ఇంత పొడుగునా పోసినావా?"

"ఈ ఊర్లో ఆముదం దంచేది నేనే. చెప్పింది నేనే, పోసింది నేనే. వీళ్ళకు ఏం తెలీదు, వట్టి అమాయకులు. రాసుకో."

గార్డు ఆమెను చూసినాడు. ఊరిని చూసినాడు. పిల్లల చేతులకు గూడ ఆముదం జిడ్డు ఉంది. చూడనట్లే ఊరుకున్నాడు. "పోలీసులొస్తారు, సిద్ధంగా ఉండు," అని జెండా ఊపినాడు. రైలు ఎట్లో మిట్ట ఎక్కింది.

ఊరోళ్ళు సుంకవ్వను జొన్నచేలో దాస్తామన్నారు, బండిలో ఎక్కించుకోని ఆ రోజే పారిపోదామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "నేను దొరక్కపోతే మిమ్మల్ని అందర్నీ ఈడ్చుకపోతారు. బాలింతలుండారు, పసిపిల్లలుండారు. నాదేముంది, యాడున్నా ఒక మూల," అన్నది.

కొన్నాళ్ళకు రైలు మళ్ళీ ఆగింది, పోలీసులను దించేదానికి. ఊరికి అది రెండోసారి. సుంకవ్వ చిన్న మూట కట్టుకోని, చేతికర్ర పట్టుకోని బయలుదేరింది. ఊరంతా ఆమె వెనకాల నడిచింది. పెట్టె మెట్టు ఎక్కబోతూ ఆమె వెనక్కి తిరిగింది.

"నేను కాపురానికి వచ్చిన కాడ నుంచి నా పొయ్యి ఆరలేదు. కరువులో గూడ ఆరలేదు. నిప్పు బూడిదలో కప్పిపెట్టినా. నేనొచ్చేదాకా దాన్ని ఆరనియ్యొద్దండి. అంతే నేను అడిగేది."

రైలు పోయింది. చూడండి ఎట్లాంటి మాట అడిగిపోయిందో. బండ్లు కట్టి ఉన్నాయి, ఇరుసులకు నూనె పెట్టి ఉన్నాయి, మూటలు ఎక్కించి ఉన్నాయి. ఊరు పోవాలంటే ఆ పొయ్యి ఎవరు చూడాల? మన కోసం జైలుకు పోయిన మనిషి తిరిగొచ్చి చల్లబడిన పొయ్యి ముందర కూచోవాల్నా? ఆమె తెలిసే అడిగిందో, తెలియకనే అడిగిందో, ఆ దేవుడికే ఎరుక. బసప్ప నెత్తి గుడ్డ తీసి నేలకేసి కొట్టినాడు. "దించండిరా మూటలు. అవ్వ వచ్చినాకనే పోయేది," అన్నాడు.

రోజుకొక ఇంటామె వంతు పెట్టుకున్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సుంకవ్వ గుడిసెకు పోయి, బూడిద తీసి, నిప్పు రాజేసి, చట్టిలో గుక్కెడు గంజి కాచేది. ఎవరూ తినకపోయినా కాచేది. ఊరికే కూచోలేక మొగోళ్ళు చేలోకి పోయినారు. గాలికి వదిలేద్దామనుకున్న పత్తిని ఏరినారు. ఆ ఏడు పత్తి ఎట్లా విరగకాసిందంటే, ఇండ్లు చాలక మిట్ట మీదనే కుప్పలు పోసినారు. పోసినారు గానీ, దాన్ని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.

అక్కడ పట్నం కచేరీలో జడ్జి అడిగినాడు. "ఏమ్మా, రైలు పడగొట్టాలని పోసినావా?"

"అయ్యో, ఎందుకు పడగొడతా నాయనా? దంచుకునేదానికి పోస్తి. అంత బరువు ఊరికే పోతాంటే సూడలేకపోతి."

కచేరీలో నల్లకోట్లన్నీ నవ్వినాయి. ఇమాంసాబు సాక్ష్యం చెప్పేదానికి వచ్చినాడు. "దొరా, నా బండిని ఆపిందీ ఈమే, బండెడు జనానికి అన్నం పెట్టిందీ ఈమే. మొదటిది చెప్పి రెండోది చెప్పకపోతే నాకు పాపం తగుల్తుంది," అన్నాడు.

జడ్జి ఆలోచించినాడు. తప్పు తప్పే గదా, కొన్నాళ్ళు జైల్లో ఉండమన్నాడు. ఆ గడువు తీరినాక ఈమెను ఎక్కడ ఎక్కించుకున్నారో అక్కడే దించాలని గూడ చెప్పినాడు. జైల్లో సుంకవ్వ కూలబడలేదు. అక్కడి ఆడవాళ్ళ పిల్లలకు తలలు దువ్వింది, జైలు వార్డరమ్మను రెండుసార్లు తిట్టింది. అయినా రోజూ సాయంత్రం అయ్యేసరికి ఒకటే దిగులు. వాళ్ళు పోయినారేమో. పొయ్యి ఆరిందేమో. పోయినా తప్పు పట్టగూడదులే, పిల్లలున్నోళ్ళు అని తనకు తానే సర్దిచెప్పుకునేది, మళ్ళీ కళ్ళు తుడుచుకునేది.

ఎండలు ముదిరినాయి. గడువు తీరింది. సుంకవ్వను రైలెక్కించినారు. బండి తోలేది ఇమాంసాబే, జెండా ఆ గార్డుదే. మిట్ట దగ్గరయ్యే కొద్దీ ఆమె కిటికీలోంచి చూసేదానికి భయపడి కళ్ళు మూసుకుంది. కూతేసింది, పొగొదిలింది, ఆగింది. అది మూడోసారి.

కళ్ళు తెరిస్తే మిట్టంతా తెల్లగా ఉంది. పత్తి కుప్పలు. కుప్పల పక్కన ఊరు. ఊరంతా ఉంది. బసప్ప ఉన్నాడు, పక్కింటామె ఉంది, బాలింతల చంకల్లో కాస్త పెరిగిన పిల్లలున్నారు.

"మీరు పోలేదేమిరా?" అంది.

"నీ పొయ్యి ఎవరు సూస్తారవ్వా మేం పోతే?" అన్నాడు బసప్ప.

సుంకవ్వ బోరున ఏడ్చింది. ఏడుస్తూనే పత్తి కుప్పలను చూసింది. తన పెట్టె వెనకాల ఖాళీ గూడ్సు పెట్టెను చూసింది. బసప్పను చూసింది. ముసలిదే గానీ బుర్ర పాదరసం.

"ఎంతసేపు ఆపాల అవ్వా?" అని ఇంజను నుంచి ఇమాంసాబు అరిచినాడు.

"దిగేదాకా ఆపు నాయనా. నా కాళ్ళు సచ్చుపడి ఉండాయి, మెల్లగా దిగుతా."

ఒక మెట్టు దిగింది. "అయ్యో, నా కర్ర," అని మళ్ళీ ఎక్కింది. ఊరోళ్ళకు అర్థమైపోయింది. బసప్ప మొదటి మూట భుజానికెత్తుకున్నాడు. ఆమె రెండు మెట్లు దిగింది. "అయ్యో, నా మూట," అని మళ్ళీ ఎక్కింది. మొగోళ్ళూ ఆడోళ్ళూ పత్తిని గూడ్సు పెట్టెలోకి కుక్కుతా ఉన్నారు. ఆమె మూడో మెట్టు మీద కూచుంది. "కళ్ళు తిరుగుతాండాయి, గుక్కెడు నీళ్ళియ్యండమ్మా," అన్నది. నీళ్ళు తాగింది. మెల్లగా తాగింది. అంత మెల్లగా నీళ్ళు తాగినోళ్ళు ఈ భూమ్మీద ఇంకొకరు లేరు.

గార్డు వెనకకు చూసినాడు. ఏం జరుగుతా ఉందో ఆయనకు తెలీదంటారా? కొర్రన్నం తిన్న మనిషి. అటు తిరిగి ఆకాశంలో కాకుల్ని చూస్తూ నిలబడినాడు. పెట్టె నిండినాక వచ్చి, "దిగినావా అవ్వా?" అన్నాడు. "దిగినా నాయనా, నీ కడుపు సల్లగుండ," అని ఆమె కాలు నేల మీద పెట్టింది.

ఆ పత్తి తడవకుండా పట్నం చేరింది. అంత పొడుగు పోగు ఉన్న పత్తి యాడిదని షావుకార్లు ఆరా తీసినారు. తర్వాత బతిమలాడింది మన ఊరోళ్ళు కాదు, ఆ షావుకార్లే. ఏడు తిరిగేలోగా మిట్ట మీద రేకుల షెడ్డు లేచింది, దానికొక గంట కట్టినారు. షెడ్డు పక్కన గోడౌను వచ్చింది, గోడౌను పక్కన మిల్లు, మిల్లు పక్కన టీ బంకు. చూస్తా ఉండగానే పల్లె టౌనైపోయింది. సుంకవ్వ మాత్రం ఆ గుడిసెలోనే ఉండింది. రోలు పక్కన కూచోని వచ్చేపోయేవాళ్ళను తిట్టేది, గంజి పోసేది.

ఒక పొద్దున అట్లా కూచునే కన్నుమూసింది. కడుపున పుట్టినోళ్ళు లేరు గానీ, ఆ రోజు ఊర్లో ఒక్క పొయ్యీ వెలగలేదు. రైల్లోంచి ఇమాంసాబు దిగి మోకాళ్ళ మీద కూచుని ఏడ్చినాడు. మట్టి చేసి వచ్చినాక ఆమె పొయ్యి దగ్గర పెద్ద గొడవైంది. ఎవరింటి మనిషి పోతే వాళ్ళింటి నిప్పు ఆర్పాల గదా. ఎవరో నీళ్ళు చల్లమన్నారు. ఆడవాళ్ళంతా అడ్డం నిలబడినారు. చివరికి బసప్ప పెండ్లాం పిడక మీద ఒక నిప్పు తీసుకోని తన ఇంటికి పోయింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకామె. పొయ్యిలో ఆఖరి నిప్పు దాకా ఎత్తుకుపోయినారు. బూడిద తప్ప ఏం మిగల్లేదు.

ఆ మూడు పొయ్యిరాళ్ళూ ఇప్పుడు స్టేషన్ బయట ఉన్నాయి. ప్రతి ఏడూ మొదటి ఆముదం తీసినోళ్ళు వాటి మీద ఒక చుక్క వేసి పోతారు. ఏ రైలైనా సిగ్నల్ పడక మన ఊరి దగ్గర నిలిచిపోతే, "అవ్వ ఆపిందిలే" అంటారు, రొట్టెలు మూటగట్టుకోని పోతారు.

ఇప్పుడు ఊర్లో గ్యాస్ పొయ్యిలొచ్చినాయి. అయినా ఎవరన్నా ఆస్పత్రిలో పడినా, జైలుకు పోయినా, దుబాయికి పనికి పోయినా, వాళ్ళింట్లో ఎవరూ లేకుంటే పక్కింటామె తాళం తీసి సాయంత్రం ఒక్క గ్లాసు టీ అన్నా కాస్తుంది. మీరెప్పుడైనా మా ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడండి. వేరే ఊర్లలో బండెక్కే మనిషికి జాగ్రత్త అని చెప్తారు, ఉత్తరం రాయమని చెప్తారు. మా ఊర్లో అవేం చెప్పరు. కిటికీ చువ్వల్లోంచి చెయ్యి పట్టుకోని ఒక్కటే మాట అంటారు.

"నీ పొయ్యి మేం సూస్కుంటాం. నువ్వు పోయిరా."